మబ్బుపట్టిన దినములలో సౌరవిద్యుత్తు

పల్నాటి సీమలో ఎండకు కొరత లేదు. ప్రతి వేసవిలోను ఎండల వార్తలలో రెంటచింతల పేరు ముందుగా వినబడుచునే యుండును. అయినను సౌరవిద్యుత్తు మీదనే ఆధారపడిన యిండ్లకు కష్టకాలము వేసవి గాదు. ముసురు పట్టిన నాలుగైదు దినములు. 2023 డిసెంబరు 5వ తేదీన మిచౌంగ్ తుఫాను బాపట్ల సమీపమున తీరము దాటినది. అటువంటి దినములలో మబ్బు దట్టముగా కమ్మినచో సౌరఫలకము తన శక్తిలో పదవ వంతో, మహా అయిన నాల్గవ వంతో మాత్రమే యీయగలదు. రెండు రాత్రులు గడచుసరికి బ్యాటరీ అడుగంటును. అప్పుడు మూలనున్న జనరేటరు జ్ఞాపకమునకు వచ్చును.

రేడియో గల గృహములకు బ్యాటరీతో చుట్టరికము పాతదే. పల్లెలకు విద్యుత్తు రాని కాలమున రేడియోలు బ్యాటరీలతోనే పలికెడివి. సీసపు బ్యాటరీని 1859లో ఫ్రాన్సు దేశీయుడు ప్లాంటే కనిపెట్టెను. నేడు తోటలలోని కావలి యిండ్లలోను, మిరప కల్లముల వద్దను, తీగ చేరని అడవి అంచులలోను దీపము వెలుగుచున్నదన్న ఎక్కువగా ఆ పాత సాధనము చలువయే. దానిని నింపు పద్ధతి తెలియక పాడుచేసికొనువారు మాత్రము పెక్కుమంది. ఒక్కొక్క జత బ్యాటరీల వెల చిన్నరైతునకు పెద్ద మొత్తమే గదా!

ఒక లెక్క చూతము. 150 ఆంపియరు-గంటల బ్యాటరీలు రెండు వరుసగా కలిపిన 24 వోల్టులగును. వానిలో నిలువయుండునది 3.6 యూనిట్లు. సీసపు బ్యాటరీని సగమునకు మించి వాడరాదు కనుక మన చేతికి వచ్చునది 1.8 యూనిట్లే. తక్కువ విద్యుత్తుతో తిరుగు కొత్తరకపు పంకాలు రెండు, దీపములు నాలుగు, ఒక రేడియో కల యింటికి యిది రెండు రాత్రుల గ్రాసము. ఇప్పుడు 2 కిలోవోల్టు-ఆంపియర్ల పెట్రోలు జనరేటరును నడిపి, 15 ఆంపియర్ల ఛార్జరుతో నింపుచున్నామనుకొందము. సగము నుండి నూటికి ఎనుబది వంతుల వరకు చేరుటకు మూడు గంటలు చాలును. ఆ మిగిలిన యిరువది వంతులున్నవే, వానికి నాలుగు గంటలకు పైగా పట్టును. బ్యాటరీ నిండుచున్న కొలది కరెంటును తక్కువ తక్కువగా పుచ్చుకొనును. తొందరపెట్టిన ఆమ్లము బుడగలెత్తునే గాని బ్యాటరీ నిండదు.

జనరేటరు మాత్రము పని తక్కువైనదని పెట్రోలు తగ్గించి త్రాగదు. తగ్గించినను మిక్కిలి స్వల్పము. అంత చిన్న బరువు మీద గంటకు సుమారు అర లీటరు వేసికొన్నను, మొదటి మూడు గంటలలో లీటరున్నర పెట్రోలునకు బ్యాటరీలో చేరునది యూనిటున్నర కూడ గాదు. చివరి గంటలలో నష్టము యింకను హెచ్చు. కనుక సాయంకాలము దీపాల వేళకు జనరేటరు పెట్టి అర్ధరాత్రి దాక తిప్పుట తెలివిగల పని గాదని మా అభిప్రాయము. తెల్లవారుజామున పెట్టి, ఎనుబది వంతులు కాగానే ఆపివేయవలెను. తక్కినది సూర్యునికి వదలవలెను. వేయి వాట్ల ఫలకములు మబ్బులో నూటయేబది వాట్లు మాత్రమే యిచ్చినను అది ఐదు ఆంపియర్లగును. కడపట బ్యాటరీ కోరునది ఆ కొంచెమే. జనరేటరు తిరుగు ఆ మూడు గంటలలోనే నీటిమోటారు, రుబ్బుయంత్రము వంటివి కూడ నడుపుకొన్నచో పెట్రోలునకు ఫలము దక్కును. మోటారు పట్టుకొనునపుడు ఎక్కువ కరెంటు లాగును గనుక జనరేటరునకు ఆ శక్తి కలదో లేదో ముందుగా చూచుకొనవలెను.

ఎనుబదివద్ద ఆపుట అలవాటై పూర్తిగా నింపుట మరచిన మరియొక చిక్కు. సగము నిండిన బ్యాటరీలో సీసపు పలకల మీద సల్ఫేటు గట్టిపడును. అది మరల కరగదు. వారమునకు ఒకసారియైనను పూర్తిగా నిండనీయవలెను. డిస్టిల్డు వాటరు పోయుట నిండిన పిమ్మటనే. ముందుగా పోసినచో ఆమ్లము పొంగి బయటికి వచ్చును.

కొన్ని చిన్న జనరేటర్లకు 12 వోల్టుల రంధ్రమొకటి యుండును. దానికి తీగలు తగిలించి బ్యాటరీ నింపుకొనవచ్చునని పలువురు భ్రమపడుదురు. అది ఎప్పుడు ఆపవలెనో తెలిసిన సాధనము గాదు. మంచి ఛార్జరే వాడవలెను. అది ఉష్ణోగ్రతను గూడ గమనించునదైన మేలు. పల్నాటి ఎండలో గదిలోని వేడి 40 డిగ్రీల సెంటిగ్రేడు చేరిన, 25 డిగ్రీల వద్ద 28.8 వోల్టులు కోరు బ్యాటరీకి సుమారు 28.1 వోల్టులే సరిపోవును. ఎక్కువిచ్చిన నీరు ఎండిపోవును. పది డిగ్రీల వేడి హెచ్చిన బ్యాటరీ ఆయువు సగమగునని స్థూలమైన లెక్క. కనుక దానిని రేకుల పాకలో గాక నీడపట్టున ఉంచవలెను.

కొత్తగా వచ్చిన లిథియం ఐరన్ ఫాస్ఫేటు బ్యాటరీలకు ఈ చివరి యిరువది వంతుల జంజాటము లేదు. దాదాపు నిండువరకు ఒకే వేగమున పుచ్చుకొనును; సగములో ఆపినను చెడదు. వెల హెచ్చు. సీసపు బ్యాటరీ ఛార్జరును యథాతథముగా దీనికి తగిలింపరాదు.

అసలు, బావిలోని నీటిని ఎండయున్నపుడే తోడి తొట్టిలో నిలువచేసికొన్నచో ఆ మేరకు బ్యాటరీతో పనియే లేదు. నాగార్జునసాగరమున కూడ ఆ యుక్తియే పెద్ద ఎత్తున కలదు: అచ్చటి కొన్ని టర్బైనులు వెనుకకు తిరిగి, దిగువ నీటిని మరల జలాశయములోనికి ఎత్తిపోయగలవు.

ఇక ప్రాణముతో కూడిన మాట. వాన పడుచున్నదని జనరేటరును వసారాలోనో, తలుపులు మూసిన గదిలోనో పెట్టిన, దాని పొగలోని కార్బన్ మోనాక్సైడు నిద్రించువారిని నిద్రలోనే చంపగలదు. దానికి వాసన లేదు. నిండుచున్న సీసపు బ్యాటరీనుండి వెలువడు హైడ్రోజను నిప్పురవ్వ సోకిన ప్రేలును. ఆ గదికి పైభాగమున గాలి పోవు మార్గముండవలెను, బీడీ వెలిగింపరాదు. జనరేటరు బయట, కిటికీలకు దూరముగా, పైన రేకు కప్పు మాత్రమే కలిగి యుండవలెను. డబ్బాలో నెలల తరబడి నిలువయున్న పెట్రోలు యంత్రమును మొరాయింపజేయును. కనుక రేడియోలో తుఫాను హెచ్చరిక వినబడిననాడే తాజా పెట్రోలు తెచ్చుకొని, యంత్రమును ఒకసారి తిప్పి చూచి, ఆ దినపు ఎండతోనే బ్యాటరీని నిండుగా నింపుకొనవలెను.