చూపు నిలిచిన చోటనే గురి
(ప్లాటినం జూబిలీ క్రీడోత్సవ సభలో ప్రధానోపాధ్యాయిని చేసిన ప్రసంగ పాఠం)

 

ఏడు పెంకులాట ఆడే పిల్లలను ఒక్కసారి గమనించండి. బంతి ఒకటే, దూరమూ ఒకటే. ఒక పిల్లవాడు విసిరితే పెంకులు కూలుతాయి. మరొకడు విసిరితే బంతి ప్రక్కగా దొర్లిపోతుంది. "వాడి చేతికి గురి లేదు" అని తోటివారు తేల్చివేస్తారు. కాని గురి తప్పడం అనేక పర్యాయాలు చేతిలో గాక, అంతకు ముందే కంటిలో మొదలవుతుంది.

భారతం ఆదిపర్వంలోని ద్రోణాచార్యుల పరీక్ష అందరికీ తెలిసినదే. చెట్టుకొమ్మన కృత్రిమ పక్షిని నిలిపి, ఏమి కనిపిస్తున్నదని ఆచార్యుడు శిష్యులను అడిగాడు. ధర్మరాజుకు చెట్టు, గురువు, తమ్ములు అందరూ కనిపించారు. అర్జునునికి పక్షి తల తప్ప మరేమీ కనిపించలేదు. బాణం వదలకముందే ఫలితమేమిటో గురువుకు అర్థమైంది. ఆయన పరీక్షించినది భుజబలాన్ని కాదు, చూపును.

దీనికి శరీరశాస్త్రంలో ఆధారమున్నది. కంటి వెనుకనున్న రెటీనా అంతా ఒకే స్పష్టతతో చూడదు. దాని నడుమనున్న అతి చిన్న భాగమే సూక్ష్మ వివరాలను పట్టగలదు. చేయి చాచి పట్టుకొన్న బొటనవ్రేలి గోరంత మేర మాత్రమే ఏ క్షణంలోనైనా పూర్తి స్పష్టంగా కనిపిస్తుంది. చూపు ఒక చోటినుండి మరొక చోటికి దూకేటప్పుడు మెదడు దృశ్యాన్ని సరిగా స్వీకరించదు. కాబట్టి చూపు చెదిరితే చేతికి అందవలసిన సమాచారం అందదు.

కెనడాలోని కాల్గరీ విశ్వవిద్యాలయ ఆచార్యురాలు జోన్ వికర్స్ బాస్కెట్‌బాల్ ఫ్రీ త్రోలపై జరిపిన పరిశోధన 1996లో ప్రచురితమైంది. క్రీడాకారిణుల కంటి కదలికలను పరికరంతో నమోదు చేయగా, నిపుణులు బంతి విసిరే చేష్టకు పూర్వమే వలయంపై ఒకే చోట సుమారు ఒక సెకను పాటు చూపు నిలుపుతున్నారని తేలింది. అంత నైపుణ్యం లేనివారి చూపు అంతసేపు నిలవలేదు. ఈ స్థితికి ఆమె 'క్వయట్ ఐ' అని పేరు పెట్టారు. ప్రశాంత నేత్రం అనవచ్చు. ఇది పుట్టుకతో వచ్చే వరమే కాదు, అభ్యాసంతో అలవడే విద్య అని తరువాతి శిక్షణ ప్రయోగాలు చూపాయి.

తుపాకి పోటీలలో ఈ నియమం మరింత కఠినం. పది మీటర్ల ఎయిర్ రైఫిల్ లక్ష్యంలో పది పాయింట్ల చుక్క వ్యాసం అర మిల్లీమీటరు, ఆవగింజకంటె చిన్నది. దగ్గరి ఫోర్‌సైట్, దూరపు లక్ష్యం రెండూ ఒకేసారి స్పష్టంగా కనిపించడం కంటికి అసాధ్యం. అందుకే ఫోర్‌సైట్ పైననే చూపు నిలపాలని శిక్షకులు బోధిస్తారు. అట్టి క్రీడలోనే 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో అభినవ్ బింద్రా స్వర్ణం, 2012 లండన్‌లో హైదరాబాదుకు చెందిన గగన్ నారంగ్ కాంస్యం గెలుచుకొన్నారు. వింటినారిలో అమర్చిన చిన్న రంధ్రం గుండా లక్ష్యాన్ని చూస్తూ, విజయవాడ విలుకత్తె వెన్నం జ్యోతి సురేఖ 2023లో హాంగ్‌ఝౌలో జరిగిన ఆసియా క్రీడలలో మూడు స్వర్ణాలు సాధించారు.

ఇక్కడ ఒక విశేషం చెప్పుకోవాలి. దక్షిణ కొరియా విలుకాడు ఇమ్ డాంగ్‌హ్యున్ కంటిచూపు చాలా మందం. అయినా 2012 లండన్‌లో డెబ్బయి మీటర్ల దూరాన 720కి 699 పాయింట్లు సాధించి ప్రపంచ రికార్డు నెలకొల్పాడు. మసకగా కనిపించే రంగు వలయాల నడుమనే ఆయన చూపును స్థిరంగా నిలిపాడు. కంటిచూపు వేరు, చూపు నిలపడం వేరు అనడానికి ఇంతకంటె నిదర్శనం లేదు.

అయితే దీనినిబట్టి కంటిచూపును నిర్లక్ష్యం చేయరాదు. ఆ విలుకానికి తన కన్నుల స్థితి తెలుసు. ఏళ్ళ తరబడి శిక్షణ ఇచ్చినవారున్నారు. హ్రస్వదృష్టి గల పిల్లవానికి తన చూపు మందమని తెలియదు. లోకమంతా అందరికీ అలాగే మసకగా కనిపిస్తుందనుకొంటాడు. బంతి పట్టలేనప్పుడు నవ్వుతారు, నల్లబల్లపై అక్షరం తప్పు చదివితే కోప్పడతారు. క్రమంగా వాడు మైదానం అంచున కూర్చోవడం నేర్చుకొంటాడు. ఆ పిల్లవాడు పోగొట్టుకొనేది ఒక్క ఆటను మాత్రమే కాదు, తనపై తనకుండవలసిన నమ్మకాన్ని.

ఉపాధ్యాయులు, తల్లిదండ్రులు చేయవలసినది కష్టమేమీ కాదు. ఏటా బడి తెరిచిన మొదటి నెలలోనే ఆరు మీటర్ల దూరాన తెలుగు అక్షరాల పట్టిక నుంచి, ఒక్కొక్క కంటితో చదివించాలి. తడబడినవారిని నేత్రవైద్యుని వద్దకు పంపాలి. కళ్ళద్దాలు పెట్టుకొన్న బిడ్డను ఎగతాళి చేయనీయరాదు. ఆ పిదప, విసిరే ముందు ఒకే చోట చూపు నిలిపి, ఒక్క క్షణం ఆగడం నేర్పాలి.

తెలుగులో 'గురి' అనే మాటకు లక్ష్యమనే కాక, నమ్మకమనే అర్థమూ ఉన్నది. శిష్యునికి గురువు మీద గురి కుదరాలంటారు. గురువుకు కూడా శిష్యుని మీద గురి ఉండాలి. "వీడికి గురి లేదు" అనే ముందు, వాడి కన్నులలోనికి ఒక్కసారి చూడండి.