స్టూడెంటు వీసాపై అమ్మాయిని కాపురానికి పంపవచ్చునా?

(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పిల్లల చదువుల గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు నన్ను కోరారు. అయితే ఈమధ్య మన ఇళ్ళల్లో చదువు, పెళ్ళి రెండూ ఒకే ముడిలో పడుతున్నాయి. అబ్బాయి ఇంగ్లాండులో ఉంటాడు. పదిరోజుల సెలవు మీద వచ్చి నికా చేసుకుని వెళ్ళిపోతాడు. అమ్మాయి పుట్టింట్లో ఉండిపోతుంది. ఏడాది, రెండేళ్ళు ఫోనులోనే కాపురం. అప్పుడు ఎవరో ఒకరు సలహా చెబుతారు: "అమ్మాయికి స్టూడెంటు వీసా తీయించండి, ఇద్దరూ ఒకచోట ఉంటారు" అని. ఈ సలహా వినవచ్చునా, వినకూడదా అన్నదే నేటి నా విషయం.

భార్యాభర్తలు ఒకచోట ఉండాలనుకోవడం తప్పు కాదు. అసలు ఈ సలహా పుట్టడానికి కారణం మిగతా తలుపులు ఇరుకు కావడమే. పరిశోధన కోర్సులకూ, ప్రభుత్వ స్కాలర్‌షిప్పు చదువులకూ తప్ప, 2024 జనవరి నుండి మొదలైన కోర్సుల విద్యార్థులు భార్యను గాని భర్తను గాని వెంట తెచ్చుకోరాదని బ్రిటన్ నియమం పెట్టింది. వృద్ధుల సంరక్షణ వంటి కేర్ ఉద్యోగాలకు కొత్తగా వచ్చినవారికి 2024 మార్చి 11 నుండి అదే గతి. అబ్బాయి అక్కడ స్థిరపడినవాడే అయినా, భార్య వీసాకు ఏడాదికి 29,000 పౌండ్ల ఆదాయం చూపాలని 2024 ఏప్రిల్ 11 నుండి షరతు వచ్చింది. అంత జీతం లేనివాడు ఏం చేస్తాడు? స్టూడెంటు వీసా వైపు చూస్తాడు.

అందుచేత నా మొదటి మనవి: ముందు అబ్బాయి వీసా ఏదో కనుక్కోండి. అతడు డిగ్రీ స్థాయి ఉద్యోగంలో స్కిల్డ్ వర్కర్ వీసాపై ఉంటే, అమ్మాయి డిపెండెంటుగా వెళ్ళవచ్చు. పని చేసుకోవచ్చు, కావాలంటే చదువుకోవచ్చు కూడా. ఆ తలుపు తెరిచి ఉండగా, లక్షలు ఫీజు కట్టి కాలేజీ తలుపు తట్టడం ఎందుకు?

రెండవ మనవి నికా గురించి. ఇది ముఖ్యమైనది, అమ్మలు కూడా శ్రద్ధగా వినాలి. "రుఖ్సతీ ఇంకా కాలేదు కదా, దరఖాస్తులో అవివాహిత అని రాసేద్దాం" అనే మాట అక్కడక్కడ వినబడుతున్నది. సాక్షుల ఎదుట ఇజాబ్, ఖుబూల్ జరిగి, ఖాజీగారి పుస్తకంలో సంతకాలు పడినాక పెళ్ళి అయినట్లే. రుఖ్సతీ అనేది మన ఆచారం, దానికోసం పెళ్ళి ఆగదు. ఈ రోజు అవివాహిత అని రాసిన పిల్ల, రేపు భార్య వీసాకు అదే నికానామాను జతపరచాలి. దానిమీది తేదీ వాళ్ళకు కనబడదా? మోసం చేశారని తేలితే పదేళ్ళ వరకు వీసా నిరాకరించవచ్చు. ఒక్క మాట దాచి పదేళ్ళ ఎడబాటు కొనితెచ్చుకోవడం ఏమి తెలివి?

అసలు దాచవలసిన అవసరమే లేదు. భర్త అక్కడ ఉన్నాడన్నంత మాత్రాన స్టూడెంటు వీసా ఇవ్వరాదని బ్రిటన్ నియమాల్లో లేదు. పిల్ల నిజంగా చదవబోతున్నదా అన్నదే చూస్తారు. ఈ కోర్సే ఎందుకు, ఈ ఊరే ఎందుకు అని అడుగుతారు. "నా భర్త ఆ ఊరిలోనే ఉన్నారు, ఈ చదువు నాకు పనికివస్తుంది" అని నిజం చెప్పగలిగిన పిల్లకు జంకు ఉండదు.

మూడవది, చదువు నిజమైన చదువై ఉండాలి. కాలేజీకి పోవడం మానితే కాలేజీవారే ప్రభుత్వానికి తెలియజేస్తారు, వీసా రద్దవుతుంది. డిగ్రీ స్థాయి కోర్సులో ఉన్నవారు చదువు రోజుల్లో వారానికి 20 గంటలకు మించి పని చేయరాదు. సొంత వ్యాపారం గాని, సొంత లెక్కన ఇంటింటికీ భోజనం చేరవేసే పని గాని కూడదు. కనుక "అమ్మాయి సంపాదించి అప్పు తీర్చేస్తుంది" అనే లెక్క పెట్టుకోకండి. భర్త గ్లాస్గోలో, కాలేజీ లండనులో అయితే ఆ వీసా వల్ల ప్రయోజనం ఏమిటి? కాలేజీ ఊరు చూసి మరీ ఎంచుకోండి.

ఖర్చు సంగతి కూడా వినండి. ఫీజు కాక, లండను వెలుపల తొమ్మిది నెలల బతుకుతెరువుకు 10,539 పౌండ్లు, లండనులో 13,761 పౌండ్లు బ్యాంకులో 28 రోజులు చూపాలని 2025 నవంబరు 11 నుండి నియమం ఉన్నది. ఇంతా చేసి, స్టూడెంటు వీసాపై గడిపిన కాలం భార్య వీసాకు కావలసిన ఐదేళ్ళ లెక్కలో కలవదు. మెహరు సొమ్ము, పిల్ల నగలు తాకట్టు పెట్టి పంపేవారు ఈ సంగతి ముందే తెలుసుకోవాలి.

అమెరికా లెక్క వేరు. అక్కడి స్టూడెంటు వీసాకు చదువు ముగిశాక తిరిగి వస్తానని అధికారిని నమ్మించాలి. గ్రీన్‌కార్డు ఉన్న భర్త భార్య కోసం దరఖాస్తు పెట్టి ఉంటే, ఆ మాట నమ్మించడం కష్టం. ఆ దరఖాస్తు ఉన్నదా అని ఫారములోనే అడుగుతారు. అబద్ధం రాస్తే ఆ దేశం తలుపు శాశ్వతంగా మూసుకుపోవచ్చు.

చదువు పేరు మాత్రమే ఉండి చదువు లేకపోతే ఏమవుతుందో మన తెలుగువారికి తెలియనిది కాదు. 2011లో కాలిఫోర్నియాలోని ట్రైవ్యాలీ యూనివర్సిటీ మూతపడినప్పుడు చిక్కుకున్నవారిలో అధికులు మన ఆంధ్ర పిల్లలే. కొందరి కాళ్ళకు రేడియో పట్టీలు కట్టారు. 2019లో మిచిగన్‌లో ఫార్మింగ్టన్ అనే యూనివర్సిటీ అసలు ప్రభుత్వమే పన్నిన వల అని తేలింది. వందమందికి పైగా విద్యార్థులు పట్టుబడ్డారు, వారిలోనూ మనవాళ్ళే ఎక్కువ. ఏజెంటు కమీషను ఏజెంటుకు దక్కింది, శిక్ష పిల్లలకు పడింది.

కావున వియ్యపువారి ఎదుట, సంబంధం ఖాయం చేసుకునేటప్పుడే అడగండి: అబ్బాయి వీసా ఏది, అమ్మాయి ఎప్పుడు, ఏ దారిన వెళుతుంది, ఖర్చు ఎవరిది? ఈ ప్రశ్నలు అడిగితే మర్యాద తక్కువ అనుకోవద్దు. అన్నిటికన్నా ముందు అమ్మాయిని అడగండి: "బేటీ, నీకు ఈ చదువు చదవాలని ఉన్నదా?" అని. ఉన్నదంటే సంతోషంగా పంపండి. చదువూ దక్కుతుంది, కాపురమూ దక్కుతుంది. లేదంటే బలవంతం చేయకండి, సరియైన దారి తెరుచుకునేదాకా ఓపిక పట్టండి. ఆ ఎదురుచూపు ఎంత కష్టమో నాకు తెలుసు. కానీ ఇష్టంలేని చదువులో, అప్పులో, భయంలో మొదలయ్యే కాపురం అంతకన్నా కష్టం.

దరఖాస్తు పూర్తి చేయడానికి సాయం కావలసినవారు సంకోచించక మన సంఘంలోని చదువుకున్న యువకులను, యువతులను అడగండి. ఉర్దూలో ఉన్న నికానామాకు ఇంగ్లీషు అనువాదం కూడా ముందే సిద్ధం చేయించుకోండి.