పథకం పేరు మారినా పళ్లెం మారకూడదు



ఎలమంచిలి సంఘాల్లో మనం ఎప్పుడు కూర్చున్నా పొదుపు, అప్పు, వాయిదా అనే మాటలే. ఈ రోజు తిండి గురించి నాలుగు మాటలు చెప్పుకుందాం. బళ్లో వండేదీ మనవాళ్లే, తినేదీ మన పిల్లలే కదా.

1983లో ఎన్టీ రామారావు గారు కిలో రెండు రూపాయల బియ్యం తెచ్చారు. పేదోడి కడుపు నిండాలన్నది అప్పటి ఆలోచన. తర్వాత ఖజానాకి భారమన్నారు, 1996లో మూడున్నర చేశారు. 2008లో మళ్లీ రెండు రూపాయలు, 2011లో రూపాయి. బియ్యం అవే, ప్రభుత్వాన్ని బట్టి ధర ఎక్కింది, దిగింది.

కడుపు నిండితే చాలదు, ఒంట్లో రక్తం ఉండాలన్న ఆలోచన కూడా పెరిగింది. అంగన్‌వాడీలు 1975 నుంచే ఉన్నాయి. 2013లో ఇందిరమ్మ అమృతహస్తం పేరుతో గర్భిణులకు, బాలింతలకు అక్కడే ఒక పూట భోజనం మొదలైంది. ప్రభుత్వం మారాక అదే అన్న అమృతహస్తం. 2020లో వైఎస్సార్ సంపూర్ణ పోషణ వచ్చింది. బడి భోజనానికి 2020లో జగనన్న గోరుముద్ద అని పేరు, 2023లో రాగిజావ కలిసింది. 2024లో డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టారు. గోదావరి లంకల్లో వచ్చినోళ్లందరికీ అన్నం పెట్టిన తల్లి ఆవిడ. మంచి పేరే. కానీ పేరు చూసి పిల్ల బరువు పెరగదు.

ఒక్కటి గుర్తుపెట్టుకోవాలి. బళ్లో వండిన భోజనం పెట్టాలని 2001లో సుప్రీంకోర్టు చెప్పింది. 2013లో ఆహార భద్రత చట్టం వచ్చింది. అప్పట్నుంచి ఈ తిండి ఎవరి దయా కాదు, మన హక్కు. ఏ పార్టీ వచ్చినా పెట్టాల్సిందే.

హక్కు కాగితం మీదుంటే సరిపోదు. బిల్లులు ఆలస్యమైన నెలల్లో మన వంట అక్కలు కొట్లో అప్పు పెట్టి పప్పు తెచ్చారు, సంఘంలో అప్పు తీసుకుని గ్యాస్ బండ కొన్నారు. ఆ వడ్డీ ఎవరు కడతారు? వాళ్ల మీద భారం పడితే చివరికి సాంబారే పల్చబడుతుంది.

అందుకని వచ్చే ఏడాది ప్రతి గ్రామ సంఘం నెలకోసారి బడికీ, అంగన్‌వాడీకీ వెళ్దాం. గోడ మీద రాసిన మెనూ, పళ్లెంలో పెట్టింది ఒకటేనా చూద్దాం. గుడ్లు లెక్కపెడదాం. పిల్లల బరువులు అడుగుదాం. వంట అక్కల బిల్లు ఎన్ని నెలలు ఆగిందో తీర్మానాల పుస్తకంలో రాసి, సంతకాలతో మండలానికి పంపుదాం. అప్పు వాయిదా ఒక్క రోజు దాటితే మనల్ని అడుగుతారు. గుడ్డు ఒక్క రోజు తగ్గితే మనమూ అడగాలి.