చక్రపు వెడల్పు – టైరులోని గాలి
(పాఠశాల వార్షికోత్సవ సందర్భమున ఒక పూర్వవిద్యార్థి చేసిన ఉపన్యాసము)



ఈ పాఠశాలలో అక్షరములు దిద్దిన వాడను. తరువాతి జీవితమంతయు మోటారు బండ్లను బాగుచేయుటలోను, కొండదారులలో నడపుటలోను గడపితిని. మీ వృత్తికి సంబంధించిన విషయ మొకటి మన భాషలో పిల్లలకు చెప్పవలెనని ప్రధానోపాధ్యాయులవారు కోరిరి. సాహిత్యము మాటలాడుటకు నాకు అర్హత లేదు. టైరును గూర్చి మాత్రము చెప్పగలను. రాళ్లమీదను ఇసుకలోను గాలి తగ్గించి నడపు టైరునకు ఎంత వెడల్పు రిమ్ము తగును? ఇదియే నా విషయము. ఇది చిన్న విషయమని తోచవచ్చును. కాని ఇందులో పొరపాటు చేసి నేనొకప్పుడు ఒక వృద్ధుని ప్రాణమునకు ముప్పు తెచ్చితిని.

మొదట గాలి నేల తగ్గించవలెనో చూతము. ఒక చక్రముమీద పడు బరువు 1000 పౌండ్లు, అనగా సుమారు 450 కిలోగ్రాము లనుకొనుడు. టైరులో చదరపు అంగుళమునకు 30 పౌండ్ల గాలి యున్నచో, ఆ బరువును మోయుటకు టైరు దాదాపు 33 చదరపు అంగుళముల మేర నేలను తాకవలెను. గాలిని 15 పౌండ్లకు దించినచో ఆ మేర దాదాపు 67 చదరపు అంగుళములగును. టైరు ప్రక్కగోడల బిగువు కొంత బరువును మోయును గనుక లెక్క కొంచెము మారును గాని, సూత్రము మారదు. ఒంటె పాదము ఇసుకలో దిగబడకపోవుటకును కారణమిదియే. 1929, 1930 సంవత్సరములలో లిబియా యెడారిలో ఫోర్డు కార్లను నడపిన రాల్ఫ్ బాగ్నోల్డు అను ఆంగ్ల సైనికాధికారి, టైర్లలో గాలి తగ్గించియే మెత్తని యిసుకను దాటగలిగెను.

ఇచట గమనింపవలసిన దొకటి కలదు. గాలి తగ్గినప్పుడు టైరు అడుగు వెడల్పు కొంచెమే పెరుగును, పొడవు ఎక్కువగా పెరుగును. కావున పట్టునిచ్చునది ముఖ్యముగా గాలిని తగ్గించుటయే గాని వెడల్పైన రిమ్ము కాదు. నా యౌవనమున నే నీ సంగతి నెరుగను.

అయినచో రిమ్ము చేయు పని యేమి? టైరును పట్టుకొనియుండుట. టైరు లోపలి అంచులలో ఉక్కు తీగెలు పొదిగియుండును. ఆ అంచును పనివారు బీడింగు అందురు. రిమ్మునకు ఇరువైపుల చిన్న గట్టులుండును. లోని గాలి బీడింగును ఆ గట్టునకు అదిమిపట్టును. గాలి తగ్గినకొలది ఆ పట్టు సడలును. మలుపు తిరుగునప్పుడు నేల టైరు నొకవైపునకు లాగును, బరువు రిమ్మును మరియొకవైపునకు త్రోయును. ఆ పెనుగులాటలో బీడింగు గట్టును విడిచి లోపలికి జారినచో, ఉన్న గాలియంతయు ఒక్క క్షణములో పోవును.

ఇపుడు నా తప్పు చెప్పెదను. దేన్కనికోట ప్రాంతపు అడవి గ్రామములకు మందులు చేర్చు ఒక జీపును అప్పుడు నేను నడపుచుంటిని. ఆ జీపుటైర్లకు తయారుచేసినవారు 6 అంగుళములు మొదలు 8 అంగుళముల వరకు రిమ్ము వాడవచ్చునని చెప్పియుండిరి. నేను చూపునకు బాగుండునని 8 అంగుళముల రిమ్ములు వేయించితిని. బండి వెడల్పుగా, ఠీవిగా కనబడెను. ఒక సాయంకాలము జ్వరముతో తెలివి తప్పిన వృద్ధు నొకనిని కొండమీది పల్లెనుండి దించవలసివచ్చెను. దారి నిండ రాళ్లు. కుదుపు తగ్గునని గాలిని 12 పౌండ్లకు దించితిని. మూడవ మలుపులో ముందుటైరు బీడింగు విడిచి కూలబడెను. రిమ్ము గట్టు రాతికి తగిలి వంగిపోయెను. అదనపు చక్రము నంతకు ముందే వాడియుంటిమి. చీకటిపడుచుండగా ఆ పెద్దాయనను మంచముమీద నుంచి, నలుగురము రెండు మైళ్లు భుజములమీద మోసితిమి. దైవానుగ్రహమున ఆయన బ్రతికెను. ఆయన కుమారుడు నన్నొక్క మాటయు అనలేదు. ఆ మౌనమే నాకు పాఠమైనది.

మరునాడు కొలబద్ద తీసుకొని కూర్చుంటిని. ఆ లెక్క మీరును వేయవచ్చును. నా టైరుమీద 235/75 ఆర్ 15 అని యుండెను. అనగా వెడల్పు 235 మిల్లీమీటర్లు, ప్రక్కగోడ యెత్తు ఆ వెడల్పులో నూటికి 75 వంతులు, రేడియల్ నిర్మాణము, రిమ్ము వ్యాసము 15 అంగుళములు. ఆ 235 అను వెడల్పు 6½ అంగుళముల రిమ్ముమీద కొలిచినది. రిమ్ము అర అంగుళము పెరిగినచో టైరు సుమారు 5 మిల్లీమీటర్లు మాత్రమే వెడల్పగును. కావున 6 అంగుళముల రిమ్ముమీద టైరు 230, 8 అంగుళముల రిమ్ముమీద 250 మిల్లీమీటర్లుండును. రిమ్ము 51 మిల్లీమీటర్లు పెరుగగా టైరు పెరిగినది 20 మాత్రమే!

మిగిలిన దెచట పోయినది? ప్రక్కగోడ ఉబ్బునుండి పోయినది. 6 అంగుళముల రిమ్మునకు, అనగా 152 మిల్లీమీటర్లకు, టైరు ఒక్కొక్క ప్రక్కను 39 మిల్లీమీటర్లు వెలుపలికి ఉబ్బియుండును. 8 అంగుళముల రిమ్మునకు ఆ ఉబ్బు 23½ మిల్లీమీటర్లు మాత్రమే. అందుండి గట్టు మందమును తీసివేసినచో రిమ్మును కాచు రబ్బరు ఎంత స్వల్పమో తెలియును. అంతేకాదు. సన్నని రిమ్ముమీద ప్రక్కగోడ వెలుపలికి వంగియుండి బీడింగును గట్టువైపునకే నెట్టుచుండును. వెడల్పు రిమ్ముమీద ప్రక్కగోడ నిటారుగా నిలిచి, మలుపులో బీడింగును సులభముగా లోపలికి లాగును. నా జీపునకు జరిగిన దదియే.

అయినచో వెడల్పు రిమ్ము ఎన్నడును పనికిరాదా? అట్లనరాదు. ఐసులాండు దేశమున హిమానీనదములమీద బండ్లు నడపువారు 38 అంగుళముల యెత్తుగల టైర్లకు మిక్కిలి వెడల్పైన రిమ్ములు వేసి, గాలిని 4 పౌండ్లకును, అంతకంటె తక్కువకును దింపుదురు. అచట లోతైన మంచు. టైరు అడుగు బల్లపరుపుగా పరచుకొనవలెను. రిమ్మును కొట్టు రాళ్లు లేవు. బీడింగును రిమ్మునకు బిగించు ప్రత్యేకపు ఏర్పాటులను కూడ వారు వాడుదురు. వారి నేల వేరు, మన నేల వేరు. వారి బండ్ల చిత్రములను చూచి మన రాళ్లదారిలో అనుకరించుట తగదు.

నాకు తెలిసినంతలో చెప్పవలసినది ఇంతే. తయారీదారు చెప్పిన హద్దును దాటకుడు, పైకిని దాటకుడు, క్రిందికిని దాటకుడు. ఆ హద్దులోపల, రాళ్లకును ఇసుకకును గాలి తగ్గించువారు సన్ననివైపు రిమ్మునే ఎంచుకొనుడు. అయితే మరీ సన్ననిదైనచో తారురోడ్డుమీద బండి ఊగును, టైరు నడుమ త్వరగా అరుగును. కనుక నా జీపునకు తరువాత 6½ అంగుళముల రిమ్ములే వేయించితిని. ట్యూబుగల టైరులో గాలిని మరీ తగ్గించరాదు. టైరు రిమ్ముమీద తిరిగి ట్యూబు మూతిని తెంపివేయును. గాలి తగ్గించినప్పుడు మెల్లగా నడపి, మంచి రోడ్డెక్కగానే మరల గాలి నింపవలెను. లేనిచో ప్రక్కగోడ మాటిమాటికి మడతపడి వేడెక్కి పగులును. కావున గాలిని కొలుచు సాధనమును, గాలిపంపును లేకుండ గాలిని తీయరాదు.

బాలబాలికలారా, మీలో అందరును బండ్లు నడపకపోవచ్చును. కాని కొనదగిన వస్తువు ఎదుట నిలిచినపుడు అది ఎట్లు కనబడుచున్నదని గాక, అది చేయవలసిన పని యేమని మొదట అడుగుడు. నేనా ప్రశ్న వేసికొనక రిమ్ములు కొంటిని. నా బదులు ఆ బరువును ఒక రోగియు, ముగ్గురు పల్లెవాసులును మోయవలసివచ్చెను.