క్యాన్సరు రోగి ప్రయాణము – బీమా, రాయితీ



మన పెద్దలు రాచపుండు అని పిలిచిన క్యాన్సరు వ్యాధికి చికిత్స నిమిత్తము గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు ప్రాంతముల రోగులు హైదరాబాదుకు పోవుచున్నారు. అచ్చట రెడ్‌హిల్సులో 1955లో నెలకొనిన ప్రభుత్వ క్యాన్సరు ఆసుపత్రి నేడు మెహదీ నవాజ్ జంగ్ గారి పేర నడచుచున్నది. చికిత్స ఖర్చునకు ఆరోగ్యశ్రీ కలదు. ఆ పథకము 2007 ఏప్రిల్ 1న తొలుత ప్రారంభమైన మూడు జిల్లాలలో మన ఉమ్మడి మహబూబునగరు ఒకటి. 2023 డిసెంబరు 9 నుండి దాని పరిమితి 10 లక్షల రూపాయలకు పెంచబడినది.

అయినను దారిఖర్చు మిగిలియున్నది. రేడియేషను చికిత్స సాధారణముగా వారమునకు 5 దినముల చొప్పున కొన్ని వారములు సాగును. కీమోథెరపీకి పలుమారులు పోవలెను. తోడు వచ్చువానికి ఆనాటి కూలియు పోవును. చార్జీలకు జంకి చికిత్సను నడుమ మానుట ప్రాణాపాయకరము.

ఇందులకు రైల్వేవారు ఇచ్చు రాయితీ మన గ్రామములలో కొద్దిమందికే తెలియునని మా అభిప్రాయము. చికిత్సకు గాని, తిరిగి పరీక్షకు గాని పోవు క్యాన్సరు రోగికి స్లీపరు తరగతిలో చార్జీ లేదు. తోడు వచ్చు ఒకరికి నూటికి 75 వంతులు తగ్గింపు. రెండవ తరగతిలో ఇరువురికిని నూటికి 75 వంతులు తగ్గును. 2020 మార్చిలో వృద్ధుల రాయితీ నిలిచినను, రోగులకిది కొనసాగినది. ఆసుపత్రి వైద్యుడు నిర్ణీత నమూనాలో వ్రాసి యిచ్చిన ధ్రువపత్రమును స్టేషను కౌంటరులో చూపవలెను.

ఇక ప్రయాణ బీమా. ఆన్‌లైనులో రైలు టికెట్టు కొనువారికి 45 పైసలకే బీమా దొరకును. ఇది రైలు ప్రమాదమునకు మాత్రమే. దారిలో వ్యాధి ముదిరిన ఒక్క పైసయు రాదు. కౌంటరు టికెట్టునకు ఈ బీమా లేదు. అందులకు చింతింపనక్కరలేదు. రైలు ప్రమాదమున మరణించిన ప్రయాణికుని కుటుంబమునకు 8 లక్షల రూపాయల పరిహారము 2017 జనవరి 1 నుండి నియమములలోనే యున్నది.

విదేశములలోని బిడ్డల యొద్దకు పోవు తలిదండ్రుల సంగతి వేరు. వారి ప్రయాణ బీమా సాధారణముగా ముందునుండి యున్న వ్యాధికి వర్తించదు. వర్తించునది దొరికినను వెల హెచ్చు. వెలకు వెరచి వ్యాధిని దాచిన, తీరా అవసరమైనపుడు కంపెనీ సొమ్ము నిరాకరింపవచ్చును. ఉన్నది ఉన్నట్లు వ్రాయించుడు.

గద్వాలవారికి రైలు ఊరిలోనే కలదు. వనపర్తివారు మదనాపురము వద్దనున్న వనపర్తి రోడ్డు స్టేషనుకు రావలెను. నాగర్‌కర్నూలుకు రైలే లేదు; అచ్చటివారికి బస్సే గతి. 2023 డిసెంబరు 9 నుండి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులలో స్త్రీలకు చార్జీ లేదు గనుక, తోడుగా స్త్రీ పోయిన కొంత కలిసివచ్చును. మీ వార్డులో చికిత్స పొందుచున్నవారి యింటికి ఒకమారు పోయి, రైల్వే ధ్రువపత్రము తీసికొనిరో లేదో అడుగుడు. తీసికొననిచో, మరల ఆసుపత్రికి పోవు దినముననే వైద్యుని అడిగి తెచ్చుకొనుమని చెప్పుడు.