కడుపులోని బిడ్డకు తొలి నెల తిండి
(శాంటా క్లారా సాంస్కృతికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



మేము మూడు తరాలుగా బడిపంతుళ్ళం. సాయంకాలం తెలుగు తరగతిలో అక్షరాలు దిద్దించే మాకు వైద్యం సంగతి ఎందుకని మీరు అడగవచ్చు. ఈ ఊళ్ళో కొత్తగా కాపురం పెట్టిన అమ్మాయిలకు మంచీ చెడూ చెప్పే అమ్మమ్మలు దగ్గర లేరు. అందుకని మనవి చేస్తున్నాము.

గర్భంలో మెదడు మొదట ఒక పలుచని రేకు. అది ముడుచుకొని గొట్టమవుతుంది. ఆ గొట్టమే తరువాత మెదడు, వెన్నుపాము. అది మూసుకొనేది పిండం ఏర్పడిన 28 రోజుల లోపల. అప్పటికి తల్లికి నెల తప్పిన సంగతే సరిగా తెలియదు. మూసుకోకపోతే వెన్ను లోపంతో బిడ్డ పుడుతుంది. తలవైపు మూసుకోకపోతే ఆ బిడ్డ బతకదు.

కణాలు వేగంగా పెరగడానికి డి.ఎన్.ఏ. కావాలి. దాన్ని కట్టేందుకు కార్బన్ ముక్కలను మోసి అందించేది ఫోలిక్ ఆమ్లం. దానికి జోడు బి-12. ఈ రెండూ కలిస్తేనే మెదడు రసాయనాలకు కావలసిన మిథైల్ ముక్కలు తయారవుతాయి. బి-12 లేకపోతే ఫోలిక్ ఆమ్లం ఉండి కూడా పనికిరాకుండా చిక్కుపడిపోతుంది.

లాటినులో ఫోలియం అంటే ఆకు. ఈ ఆకు విటమినును 1945లో ప్రయోగశాలలో తయారుచేసిన లెడర్లీ బృందానికి నాయకుడు మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు. ఆయన 1948లో కన్నుమూశారు. అటువంటి బిడ్డను అంతకుముందు కన్న తల్లులకు ముందుగా ఫోలిక్ ఆమ్లం ఇస్తే, మళ్ళీ ఆ లోపం రావడం 72 శాతం తగ్గిందని 1991లో బ్రిటిష్ వైద్య పరిశోధన మండలి తేల్చింది. 1998 నుంచి అమెరికాలో ఎన్‌రిచ్డ్ పిండి 100 గ్రాములకు 140 మైక్రోగ్రాములు కలుపుతున్నారు.

అయితే ఆ నియమం మన పళ్ళెం దాకా రాలేదు. ఎన్‌రిచ్డ్ అని రాయని బియ్యానికీ, ముడి గోధుమ పిండికీ అది వర్తించదు. మన పొరుగున ఉన్న మెక్సికో వారి మొక్కజొన్న పిండికీ వర్తించలేదు. వారికోసం కాలిఫోర్నియా 2024లో చట్టం చేసింది. మన అన్నానికి అటువంటి చట్టం లేదు.

కాబట్టి సంచి మీది అక్షరాలు చదవండి. తోటకూర, పాలకూర, పెసలు, సెనగలు తినండి. ఆకుకూర ఉడికించిన నీళ్ళు పారబోయకండి. తిండి ఒక్కటే చాలదు. బిడ్డను కోరుకొనే స్త్రీ నెల తప్పకముందే రోజుకు 400 మైక్రోగ్రాముల మాత్ర మొదలుపెట్టాలి. శాకాహారులు బి-12 పరీక్ష చేయించుకోవాలి. మూర్ఛ మందులు వాడేవారు, ముందు అటువంటి కాన్పు అయినవారు మోతాదు సంగతి డాక్టరునే అడగాలి.

సుబ్బారావుగారి బొమ్మకు దండ వేస్తాము, మంచిదే. అమ్మాయికి సారె పెట్టేటప్పుడు ఈ మాట కూడా చెప్పి పంపితే, అది అంతకంటే పెద్ద దండ.

సెలవు.