సుబ్బారావుగారి నీలం, కడుపులోని ఎరుపు



జీవరసాయన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావుగారి స్మృతిలో కడుపు క్యాన్సర్ గురించి మాట్లాడాలని హైదరాబాద్‌లోని ఈ ఉస్మాన్‌గంజ్ బజారులో మీ ముందు నిలబడ్డాను. ఆయన 1895లో భీమవరంలో పుట్టారు. స్ప్రూ అనే పేగుల జబ్బు ఆయన తోడబుట్టినవాణ్ణి తీసుకుపోయింది. హార్వర్డ్‌లో 1925లో సైరస్ ఫిస్కేతో కలిసి ఒక కొలత కనిపెట్టారు. రక్తంలో ఫాస్ఫరస్ ఎంతుందో నీలం రంగు చిక్కదనాన్ని బట్టి చెప్పే పద్ధతి అది. ఆయన పేరు చెప్పగానే అందరూ కణాలకు శక్తినిచ్చే ఏటీపీని తలుచుకుంటారు. నాకు ఈ నీలం అంటేనే మక్కువ. ఎంజైము కంటికి కనబడదు, అది చేసిన పని కనబడుతుంది. ఫాస్ఫేటును తెంచే ఎంజైముల చురుకుదనాన్ని, తెగిన ఫాస్ఫేటును కొలిచి, ఎన్నో ప్రయోగశాలలు ఈ నీలంతోనే లెక్కగట్టాయి.

మరుసటి ఏడే, 1926లో, జేమ్స్ సమ్నర్ యూరియేజ్ అనే ఎంజైమును స్ఫటికాలుగా పట్టుకున్నాడు. ఈ గంజ్‌లో బస్తాలకెత్తే గింజల్లాంటివే, ఒక జాతి చిక్కుడు గింజల పిండిలోంచి! జంతువుల కడుపు గోడలో యూరియేజ్‌ను 1924లోనే చూసినవాళ్లు అది శరీరం సొంతమే అనుకున్నారు. కాదు. పెర్త్‌లో వారెన్, మార్షల్ 1982లో పెంచి చూపిన హెలికోబాక్టర్ పైలోరి అనే సూక్ష్మజీవి, ఆమ్లాన్ని తట్టుకోవడానికి ఈ యూరియేజ్‌తోనే యూరియాను విరిచి అమ్మోనియా చేసుకుంటుంది. 1994లో దాన్ని క్యాన్సర్ కారకాల మొదటి శ్రేణిలో చేర్చారు.

ఇక్కడికి దగ్గర్లోనే ఉస్మానియా ఆసుపత్రి. అలాంటి చోట ఎండోస్కోపీలో కడుపు గోడ నుంచి తీసిన చిన్న ముక్కను పసుపు రంగు జెల్‌లో పెడితే, యూరియేజ్ ఉంటే ఎరుపెక్కుతుంది.

ఎరుపెక్కకపోతే? నా భయమంతా అక్కడే. ఆమ్లాన్ని తగ్గించే గ్యాస్ మాత్రలు వాడేవాళ్లలో క్రిములు అణిగి, ఉన్న జబ్బే లేనట్టు కనబడవచ్చు. ఇంతకంటే పెద్ద చిక్కు మరొకటుంది. ఏళ్ల తరబడి వాచిన కడుపులో ఆమ్లం ఊరే గ్రంథులు ఎండిపోతాయి. ఆ చోట క్రిమికే బతుకు ఉండదు. యూరియేజ్ మూగబోతుంది. క్యాన్సర్ ముప్పు బాగా పెరిగేది సరిగ్గా అప్పుడే.

అందుకే జపాన్ వైద్యులు మరో గుర్తును నమ్ముకున్నారు. 1836లో ష్వాన్ కనిపెట్టిన పెప్సిన్‌కు ముందు రూపమైన పెప్సినోజెన్ అది. మొదటి రకం ఆ ఎండిపోయే గ్రంథుల్లోంచే వస్తుంది, రెండో రకం కడుపంతటా ఊరుతుంది. రక్తంలో మొదటిది మిల్లీలీటరుకు 70 నానోగ్రాములు గానీ అంతకు తక్కువ గానీ ఉండి, రెండోదానితో దాని నిష్పత్తి కూడా 3 గానీ అంతకు తక్కువ గానీ అయితే ఎండోస్కోపీ చేయించుకొమ్మంటారు. ఇది క్యాన్సర్‌ను పట్టే పరీక్ష కాదు. ఎవరి కడుపులోకి ముందుగా చూడాలో చెబుతుంది, అంతే.

బస్తాలు దించి, గ్యాస్ అనుకుని మందుల షాపులో మాత్ర కొని మింగే అన్నలారా, ఎండోస్కోపీకి వెళితే ఆ మాత్రల పేరు డాక్టరుకు ముందే చెప్పండి. యూరియేజ్ పరీక్షకు రెండు వారాల ముందు వాటిని ఆపమంటారు. ఖాళీ అట్ట జేబులో పెట్టుకెళ్లినా చాలు.